దమయంతి చేసిన మట్టి

దమయంతి మా వీధి బడిలో పదకొండేళ్ళు ఆయాగా చేసింది. పదకొండేళ్ళూ టెంపరరీనే. పిల్లల ముక్కులు తుడిచింది, కక్కినవి ఎత్తింది, బాత్రూములు కడిగింది. మొగుడు లేడు, పిల్లలు లేరు. అద్దె గదిలో ఏం వండుకునేదో, ఏ పూట వండుకోలేదో కూడా నాకు తెలుసు. వాషర్‌మెన్‌పేటలో ఎవరి సంగతైనా విచారించకపోతే నాకు అన్నం సయించదు.

నిరుడు మైత్రి అనే ఆమె, బడిలో ఒక పిల్లవాడి తల్లి, ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన కంప్యూటర్ ఉద్యోగస్తురాలు, బడి ముందు నత్తగుల్లలా మెలిక తిరిగే మూలికల మడి కట్టించింది. ఇటుకల వరుస చుట్టూ తిరుగుతూ నడిమికి పోయేసరికి ఛాతీ ఎత్తు అవుతుంది. పైన పోసిన నీళ్ళు చుట్లన్నీ దిగి అడుగుకు చేరతాయి. అందుకని ఎండకు ఓర్చే వామాకు పైన, తులసి మధ్యలో, తడి కావలసిన పుదీనా, సరస్వతి ఆకు కింద. ఇటుకలు ఒక్క రోజులో లేచాయి గాని, లోపల పోసింది పగలగొట్టిన ఇంటి రద్దు, సున్నం పెళ్ళలూ ఇటుక ముక్కలూ. నాటిన మొక్కలు వారానికే వాలిపోయాయి.

"సార్, మట్టి నేను చేస్తా" అంది దమయంతి.

బడి నడిపే కరస్పాండెంట్ యతిరాజులు అందరి ముందూ నవ్వాడు. "మట్టిని చేసేదేంది? అదేమన్నా దోసె పిండా? సరి, చెయ్యి. యాన్యువల్ డే నాటికి పచ్చగా ఉంటే నిన్ను పర్మినెంట్ చేస్తా. లేదంటే ఆ రోజుతో నిన్ను నిలిపేస్తా. నీ పనికి ఎంతమంది అడగతా ఉండారో తెలుసా?"

ఆ మాటను ఆమె వరంలా పట్టుకుంది. రద్దంతా తోడేసి, పెద్ద ఇటుక ముక్కలు మాత్రం అడుగున పరిచింది. వాటి మీద ఎండుటాకులు, కొబ్బరిపొట్టు. మాధవరం నుంచి పేడ గోనెసంచిలో బస్సెక్కించి తెచ్చేది; ఆమె పక్క సీటులో ఎవరూ కూర్చునేవారు కారు. మడి నడిమధ్య పైనుంచి ఒక గుంట తీసి, వంటింటి తొక్కలన్నీ అందులో వేసి మట్టి కప్పేది. అక్కడ కుళ్ళిన సారం నీళ్ళతోబాటు చుట్టుచుట్టుకూ దిగుతుందట. పిడికెడు మట్టి నొక్కి చూసేది. ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. మూడు నెలలకు ఆ మట్టి నల్లబడి, పుట్టగొడుగుల వాసన వేసింది. వానపాములు వచ్చాయి. పుదీనా ఇటుకల మీదికి పాకింది.

తొక్కల కోసం రోజూ బకెట్టుతో మా ఇళ్ళకు వచ్చేది. ఉప్పు తగిలింది వద్దు, నూనె తగిలింది వద్దు అని షరతులు.

"మా చెత్తకు కూడా మడి కట్టాలామా?" అని ఎగతాళి చేసేవాళ్ళం. నవ్వేసి పోయేది.

ఒకనాడు నలుగురు ఆడవాళ్ళ ముందు నా గిన్నె కెలికి, సాంబారులో ఉడికిన మునక్కాయ ముక్క తీసి నా చేతిలో పెట్టింది. "అక్కా, దీంట్లో ఉప్పుంది. ఇది నువ్వే పెట్టుకో."

నా చెత్త నాకే తిప్పి ఇచ్చింది. వాళ్ళంతా పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. దానితోపాటు ఒక కుతూహలం కూడా పుట్టింది, ఎందుకు దాచాలి? ఈమెకు నిజంగా అంత తెలుసా, లేక నటనా?

ఆ ఏడు ఉప్పులో ఊరేసిన నా నిమ్మకాయలు రెండు జాడీలు బూజు పట్టాయి. కారం ఇంకా కలపలేదు. చూస్తే రసం పిండి పారేసిన నిమ్మతొక్కల్లాగే ఉన్నాయి. రోజుకు కొన్ని, అరటితొక్కల కింద పెట్టి, ఊటతో సహా ఆమె బకెట్టులో వేశాను. ఆమె పట్టుకోలేదు. పైగా "అక్కా, నీ పుణ్యాన గుంట నిండింది" అంది. నేను లోపలికి పోయి నవ్వుకున్నాను.

ముందు వామాకు అంచులు మాడాయి. తరువాత తులసి. ఆమె కంగారుపడి ఇంకా నీళ్ళు పోసింది. ఆ నీళ్ళే ఉప్పును చుట్టుచుట్టుకూ దింపాయి. యాన్యువల్ డేకి మూడు రోజులుండగా పుదీనా నల్లబడింది. ఆమె చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని, ఉమ్మి, తిన్నగా మా ఇంటికి వచ్చింది.

"అక్కా, ఆ నిమ్మకాయలు ఊరేసినవే కదా?"

"ఎవరు చెప్పింది?"

"మట్టే చెప్పింది. నేను తిట్టేదానికి రాలా. నువ్వొచ్చి సారుకు ఒక్క మాట చెప్పు, దమయంతి తప్పు కాదని. ఒక నెల టైమిస్తే మంచినీళ్ళు పోసి ఉప్పు దించేస్తా, పైన మళ్ళా పేడ వేస్తా. నువ్వు చెప్తే ఆయన వింటాడు. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా."

వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. యతిరాజులు లేచి కుర్చీ వేశాడు, కాఫీ తెప్పించాడు. దమయంతి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఏం పెద్దమ్మా, ఇంత దూరం? మీ మనవరాలు శ్రీప్రియ సీటు గురించేనా? ఒకటో తరగతికి ఈసారి చానా పోటీగా ఉంది. మీరైతే మన మనిషి. చూద్దాం."

కాఫీ వేడిగా ఉంది. రెండు గుక్కలు తాగాను.

"అవును, సీటు గురించే" అన్నాను.

ఆయన గుమ్మం వైపు తిరిగాడు. "ఏం మా, నీకేం పనాడ? మడి చూసినా. సాయంత్రానికి ఆ మన్నంతా ఎత్తి పారెయ్యి. రేపు బస్తా మట్టి వస్తుంది, కుండీలు వస్తాయి. నువ్వు రావద్దు."

వరండాలో ఆమె నన్ను అడిగింది. "అంతేనా అక్కా?"

నేను చెప్పులు వేసుకున్నాను.

ఇంటికి పోవచ్చు, పోలేదు. ఏం చేస్తుందో చూడాలని గేటు దగ్గరే నిలబడ్డాను. పై చుట్టు నుంచి మొదలుపెట్టి చేతులతోనే తోడి గోనెల్లోకి ఎత్తింది. చచ్చిన వానపాములు తాళ్ళముక్కల్లా వచ్చాయి. ఒకటి రెండు ఇంకా కదులుతున్నాయి. వాటిని వేరుగా ఒక ఆకులో పెట్టింది. గోనెలు ఒక్కొక్కటే ఈడ్చుకుపోయి వీధి చివర చెత్త వేసే కుప్పతొట్టి పక్కన దొర్లించింది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. బడి వదిలిన పిల్లలు ముక్కులు మూసుకుని ఆమె చుట్టూ తిరిగి పోయారు. ఆ ముక్కులన్నీ ఆమె తుడిచినవే.

అంతా అయ్యాక మోచేతుల దాకా మట్టితో కొళాయి దగ్గరికి వెళ్ళింది. ఆంటో అనే బడి వాచ్‌మన్ పదకొండేళ్ళుగా ఆమె పోసిచ్చిన టీ తాగినవాడు. స్టూలు మీదినుంచి లేవకుండానే అన్నాడు:

"దమయంతీ, అది పిల్లల కొళాయి. ఇంక నువ్వు స్టాఫ్ కాదు కదా. బయట ఏడన్నా కడుక్కోపో."