ఉగ్గుగిన్నెడు నీళ్ళు

ఆ మూడు రోజులూ నేను వంటింటి తలుపు వెనక నిలబడి మంచినీళ్ళు తాగాను. మా కుక్క చూడకూడదని. నలభై దాటినదాన్ని, హైస్కూల్లో పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని, నా ఇంట్లో నేనే గ్లాసు చప్పుడు కాకుండా పెట్టి, మూతి తుడుచుకుని బయటికి వచ్చేదాన్ని. అది వరండాలో గోనెపట్టా మీద పడుకుని నా మూతివైపే చూసేది.

తొంభైల చివర్లో మేం తణుకులో ఉన్నప్పటి సంగతి ఇది. మా ఆయన ఉద్యోగం రాజమండ్రిలో. శనివారం సాయంత్రం వచ్చి, సోమవారం పొద్దున్నే బస్సెక్కేవారు. అమ్మాయి హాస్టల్లో చదువుకునేది. ఇంట్లో నేను, మా అమ్మ, ఆ కుక్క. వీధికుక్కే. ఒక వానాకాలం మెట్ల కింద దూరి మాతోనే ఉండిపోయింది. అది రెండోసారి పెట్టిన పిల్లల్ని, నేను బడికి వెళ్ళినప్పుడు ఎవరో సంచిలో వేసుకుని తీసుకుపోయారు. పాలు కారుతున్న పొట్టతో అది వారం రోజులు ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా వాసన చూస్తూ తిరిగింది. మరోసారి ఆ తిరుగుడు నేను చూడలేననుకున్నాను. వేసవి సెలవులు ఇవ్వగానే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను.

అక్కడి డాక్టరుగారికి రోజూ గేదెలతోనే పని. కుక్కకి ఈ ఆపరేషన్ చేయించేవాళ్ళు అప్పట్లో మా ఊళ్ళో అరుదు. అయినా శ్రద్ధగా చేశారు. "ఈ పూటకి కొంచెం కొంచెంగా తాగించండి టీచరుగారూ. రేపట్నుంచి అది తాగినన్ని నీళ్ళు పెట్టండి. కుట్లు నాక్కోకుండా మాత్రం చూసుకోండి" అన్నారు. నేను తలూపాను. ఆయన స్పష్టంగా చెప్పారు, నేను స్పష్టంగా విన్నాను. ఈ మాట ముందే ఒప్పుకోవడం మంచిది.

రిక్షాలో ఇంటికి తెచ్చేసరికి మా అమ్మ పాత నేతచీర చింపి సిద్ధంగా ఉంచింది. బాలింతకి నడుం చుట్టూ కట్టినట్టు దాని పొట్టకి చుట్టి, వీపు మీద ముడివేసింది. కుట్లు నాక్కోకుండా ఉంటుందిలే అని నేనూ సాయం పట్టాను. "పిచ్చితల్లీ, గండం గడిచిందే నీకు" అని అమ్మ దాని తల నిమిరింది. ఆ తర్వాత బీరువాలోంచి నా చిన్నప్పటి వెండి ఉగ్గుగిన్నె తీసింది. నాలుగు గుక్కలు కూడా పట్టని గిన్నె అది.

"పొట్ట కోసినవాళ్ళకి నీళ్ళు ఇవ్వకూడదే. కుట్లు చీము పడతాయి. పొద్దున్న ఓ గిన్నెడు, సాయంత్రం ఓ గిన్నెడు, అంతే. మూడ్రోజులు ఓర్చుకుంటే పచ్చి ఆరిపోద్ది" అంది.

"డాక్టరుగారు ఇవ్వమన్నారమ్మా."

"నీ కాన్పప్పుడు నీకూ ఇవ్వమన్నారు. ఇచ్చానా? నువ్వు బతకలేదా?"

మా అమ్మాయి ఆపరేషన్‌తోనే పుట్టింది. ఆ రోజుల్లో నీళ్ళ కోసం నేను అమ్మని ఎంత బతిమాలానో నాకు తెలుసు. ఆ దాహం ఒంట్లో ఎక్కడెక్కడ మండుతుందో కూడా తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. అమ్మ మీద గౌరవం అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను కానీ, అది అబద్ధం. నీళ్ళిచ్చాక చీము పడితే తప్పు నాదవుతుంది. ఇవ్వకపోతే ఏం జరిగినా అమ్మదవుతుంది. అదీ నా లెక్క.

మర్నాడు ఎండ పేలిపోయింది. కాలువలకి నీళ్ళు కట్టేసిన రోజులు. మా వీధి చివర అది రోజూ తాగే పిల్లకాలువలో బురద కూడా బీటలు వేసింది. అమ్మ స్నానం చేసి వరండాలో నడిచి వెళ్తే, ఆ తడి అడుగుల్ని అది పాక్కుంటూ వెళ్ళి నాకింది. ఒక అడుగు, ఇంకో అడుగు, గడప దాకా. అమ్మ వెనక్కొచ్చి పొడిగుడ్డతో నేలంతా తుడిచేసింది. దాన్ని తీసుకెళ్ళి మంచం కోడుకి కట్టేసింది. తుడుస్తున్నంతసేపూ "ఓర్చుకోవే అమ్మా, ఇంకొక్క రోజే" అంటూనే ఉంది. అమ్మది కఠినమైన మనసయితే ఆ రోజే ఎదురు తిరిగేదాన్నేమో. అంత ప్రేమగా చేస్తుంటే ఎలా ఆపాలో తెలియలేదు.

మూడో రోజు మధ్యాహ్నం, వేళ కాకపోయినా, ఉగ్గుగిన్నె మూతి దగ్గర పెడితే అది తల ఎత్తలేదు. నేనే పోశాను. నీళ్ళు పక్కనుంచి కారిపోయాయి. చిగుళ్ళు వేలికి అంటుకుపోతున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి. పేరు పెట్టి పిలిచాను, మళ్ళీ పిలిచాను, తోక కదల్లేదు. చంపేశాను, నా చేతులతో నేనే చంపేశాను అనుకుంటూ వీధిలోకి పరిగెత్తాను. ఆ ఎండలో ఒక్క రిక్షా లేదు. గోనెపట్టా ఒక కొస నేను, ఒక కొస అమ్మ పట్టుకుని దాన్ని మోసుకుంటూ నడిచాం. సగం దూరం వెళ్ళాక చూస్తే అమ్మ కాళ్ళకి చెప్పుల్లేవు. తారు కరిగిన రోడ్డు మీద ఆవిడ ఒక్కసారి కూడా ఆగలేదు.

డాక్టరుగారు భోజనానికి వెళ్ళబోతూ గేటు దగ్గర ఎదురయ్యారు. మమ్మల్ని చూసి లోపలికి తిరిగారు. దాని మెడ మీది చర్మం పట్టి లాగి వదిలారు. లాగిన చర్మం లాగినట్టే నిలబడిపోయింది.

"నీళ్ళు తాగుతోందా?"

"తాగుతోందండి" అన్నాను.

"ఎన్ని?"

ఆయన నా మొహంలోకే చూస్తున్నారు. "మా అమ్మ ఇవ్వొద్దందండి" అనేశాను. పక్కనే ఉన్న అమ్మవైపు తిరిగి చూడలేదు. చూసే మొహం లేదు.

ఆయన తిట్టలేదు. నడికట్టు విప్పి చూసి, "కుట్లు చక్కగా ఉన్నాయి. ఆపరేషన్‌కేం కాలేదు. దాహంతో పోతోందండి ఇది" అన్నారు. బతుకుతుందా అంటే, సాయంత్రం దాకా ఏమీ చెప్పలేనన్నారు. ముందుకాలికి సూది గుచ్చి సెలైన్ పెట్టారు. సీసా తగిలించే స్టాండు గేదెల షెడ్డులో ఉందట, తెప్పిస్తానన్నారు. ఈలోగా అమ్మ సీసా అందుకుని పైకెత్తి పట్టుకుంది. స్టాండు వచ్చినా ఇవ్వలేదు. నేను పట్టుకుంటానంటే నాకూ ఇవ్వలేదు.

సీసా దించకుండానే అమ్మ అంది. "మీ అన్నయ్య పుట్టినప్పుడు నాకు పదహారేళ్ళు. నాలిక పిడచ కట్టుకుపోయేది. పసివాణ్ణి తుడిచిన తడిగుడ్డ పక్కన పెడితే, ఎవరూ లేకుండా చూసి, నోట్లో పెట్టుకుని పీల్చేదాన్ని. మా అమ్మ చూసేసింది. ఆ రోజు నుంచి గుడ్డ బయట ఆరేసేది."

నాకు జాలి కంటే ముందు కోపమే వచ్చింది. "అంత బాధ తెలిసినదానివి, నాకెందుకు ఇవ్వలేదమ్మా? దీనికెందుకు ఇవ్వనివ్వలేదు?"

"నేను బతికాను కదే. అలా చేస్తేనే బతుకుతారనుకున్నాను" అంది.

సాయంత్రం అది పడుకున్నచోటే తడిపేసింది. "పర్లేదండి, కిడ్నీలు పనిచేస్తున్నాయి" అన్నారు డాక్టరుగారు. అప్పుడు సీసా ఆయన చేతికిచ్చి, అమ్మ ఆ తడినేల మీదే చతికిలబడి ఏడ్చింది.

అది బతికింది. వారం తిరక్కుండా కుట్లు విప్పారు, పొట్ట మీద వెంట్రుకలు మొలిచాయి, నేనొస్తే ఎప్పట్లాగే ఎగిరి మీద పడేది. కానీ మేం చూస్తుండగా మళ్ళీ నీళ్ళు మాత్రం తాగలేదు. ఇత్తడి గిన్నె నిండా పోసి పెడితే, గిన్నెవైపూ మా మొహాలవైపూ చూసి వెనక్కి జరిగేది. మేం లోపలికి వెళ్ళామనుకున్నాక, చెవులు వెనక్కి వాల్చుకుని గబగబా తాగేసేది, ఎవరో వచ్చి లాక్కుంటారన్నట్టు. తలుపు సందులోంచి ఒకసారి చూశాను. ఇంకెప్పుడూ చూడలేకపోయాను.

అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ గిన్నె ఆవిడే నింపేది. నింపి, దాని ముందు పెట్టి, గోడవైపు తిరిగి నిలబడేది. నేను పక్కనుంటే నేనూ తిరిగేదాన్ని. వెనక నీళ్ళు తాగుతున్న చప్పుడు వినిపించేదాకా ఇద్దరం గోడనే చూస్తూ నిలబడేవాళ్ళం.