గొంగడి తాత, మేకపిల్ల, మా అమ్మ

కరోనా వచ్చి బడులు మూసేసిన ఏడు నేను ఏడో తరగతి. పాఠాలు టీవీలో వచ్చేవి. ఏ ఊరి వాళ్లో తెలియని సార్లు, మేడంలు బోర్డు పక్కన నిలబడి చెప్పుకుంటూ పోయేవారు. నిజం చెప్పాలంటే వాళ్లలో ఒక్కరి ముఖం కూడా నాకిప్పుడు గుర్తులేదు. గుర్తున్నదల్లా రెండు పాఠాల నడుమ కాసేపు వచ్చిపోయే రెండు గుడ్డబొమ్మలు. ఒకటి భుజాన గొంగడి వేసుకున్న తాత, ఇంకొకటి ఆయన వెంట తిరిగే మేకపిల్ల.

తాత రోజుకో ప్రశ్న వేసేవాడు. ఉల్లిగడ్డ కోస్తే కండ్లల్ల నీళ్లెందుకొస్తయి, నీళ్లల్ల వేసిన ఉప్పు ఏడికి పోయింది, ఇట్లాంటివి. మేకపిల్ల అన్నీ తెలిసినదానిలా తలూపి తప్పు జవాబు చెప్పేది, ఆపైన తాత చేతిలో ఏ కాగితముంటే అది తినేసేది. ఒకసారి ఆయన దేశపటం పట్టుకొస్తే కింది కొస నుంచి నమలడం మొదలుపెట్టింది. "ఆగవే, మనూరి దాంక రాకు" అన్నాడు తాత. నేను నవ్వీ నవ్వీ కడుపు పట్టుకున్నాను. నా ప్రాణమంతా ఆ మేకపిల్ల మీదే ఉండేది.

ఇంకో సంగతి వాళ్లు మాట్లాడే తీరు. అప్పటిదాకా నేను చూసిన టీవీలో చదువుకున్నవాళ్లంతా వేరే తెలుగు మాట్లాడేవారు. మాలాగా మాట్లాడేవాళ్లు నవ్వించడానికో తన్నులు తినడానికో వచ్చేవారు. ఈ తాత మాత్రం "గిది గిట్లెందుకైతాంది, జర సోంచాయించుండ్రి" అంటూ సైన్సు చెప్పేవాడు. మా దేవరకొండ దిక్కు ముసలాయన ఎవరో ఎట్లనో టీవీలో దూరాడని నాకు గర్వంగా ఉండేది.

మాది దేవరకొండ దగ్గర పల్లె. నాయిన మేళ్లచెరువు నుంచి సిమెంటు తోలే లారీకి డ్రైవరు, ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ఇంట్లో నేనూ అమ్మా. అమ్మ బడి ముఖం చూడలేదు, ఊహ తెలిసినప్పటి నుంచి పత్తి చేన్లలో కూలికి పోయింది. మొదట్లో నేను టీవీ ముందు కూర్చుంటే "సదువుతున్నవా, సినిమా సూస్తున్నవా" అని ఒకటే అనుమానం. తాత వచ్చాక ఆ మాట మానేసింది.

తాతను మొదటిసారి చూసిన రోజు అమ్మ మంచం మీద కూర్చుని కందులు చెరుగుతోంది. టీవీలో ఆయన గొంతు సవరించుకుని మాట అందుకోగానే అమ్మ చటుక్కున మంచం దిగింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని తలుపు చాటుకు పోయి నిలబడింది. మా దగ్గర మామ ముందు కోడలు మంచం మీద కూర్చోదు. ఆ గొంతు అచ్చం చనిపోయిన మా తాత గొంతేనట. "అమ్మా, అది గుడ్డబొమ్మనే" అన్నాను నవ్వాపుకోలేక.

"నాకెర్క లేదా? అయినా పెద్దమనిషి గదా" అంది.

ఆ తర్వాత తాత వచ్చినప్పుడల్లా అమ్మ గడప దగ్గర కిందనే కూర్చునేది. చేను నుంచి తొందరగా వచ్చేసేది. "ఏమే, బడికి యాళ్లయితాందా" అని తోటి కూలోళ్లు ఆట పట్టిస్తే "అవును, లేటైతె సారు కొడ్తడు" అని తనూ నవ్వేది. ఇంటికొచ్చి కాళ్లూ చేతులూ కడుక్కుని, తడి కొంగుకు తుడుచుకుని కూర్చునేది. మేకపిల్ల నోరు తెరిచేలోపే తన జవాబు మెల్లగా చెప్పేది. ఉప్పు సంగతి అడిగిన రోజు "ఏడికి పోతది, నీళ్లల్లనే ఉన్నది, నాలిక మీద ఏస్కుంటె తెల్వదా" అంది. తాత కూడా అదే చెప్పాడు. ఆ సాయంత్రమంతా అమ్మ ముఖం వెలిగిపోయింది, కూరలో ఉప్పు వేయడం మాత్రం మర్చిపోయింది.

తర్వాత బడులు తెరిచారు. నేను ఎగిరి గంతేశాను. పొట్టిదైపోయిన యూనిఫాం అంచు విప్పి అమ్మే కుట్టింది. బొమ్మలు రావడం ఆగిపోయింది. కొన్నాళ్లపాటు నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ టీవీ పెట్టుకుని గడప దగ్గర కూర్చుని ఉండేది. ఏవో అడ్వర్టయిజ్‌మెంట్లు వస్తుండేవి. సీరియళ్లు అలవాటైనట్టున్నాయి అనుకున్నాను.

ఇప్పుడు నేను నల్గొండలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉంటున్నాను. ఈ మధ్య ఆ బొమ్మల మీద మనసు పీకుతోంది. ఫోన్‌లో ఎంత వెతికానో. ఆనాటి లెక్కల పాఠాలు దొరికాయి, ఇంగ్లీషు పాఠాలు దొరికాయి. నడుమ వచ్చే తాత, మేకపిల్ల దొరకలేదు. మా గదిలో మహబూబ్‌నగర్ అమ్మాయికి కూడా వాళ్లు గుర్తున్నారు. కాకపోతే మేకపిల్ల నల్లదని తనూ, తెల్లదని నేనూ కొట్లాడుకున్నాం. అంత ఇష్టపడ్డదాని రంగు కూడా రుజువు చేయలేకపోయానని ఏడుపొచ్చింది.

మొన్న సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. చిక్కుడుకాయలు తుంపుతున్న చేతులు ఆపేసింది.

"ఏడ దేవులాడినా దొర్కలేదా?"

"లేదమ్మా."

"మీకు బడి తెరిచిన్రు. నాకు మూసిన్రు" అంది.

అందులో కోపం లేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు ఆ ఆలోచన రాలేదు.

మళ్లీ తనే అడిగింది. "ఆఖరి నాడు ఆయన ఒకటి అడిగిండు. యాదికున్నదా?"

లేదన్నాను.

"బాయిల నీళ్లు ఎండకాలం సల్లగ, సలికాలం ఎచ్చగ ఎందుకుంటయని అడిగిండు. బాయి కింద పొయ్యి ఉన్నదని మేకపిల్ల అన్నది. నవ్వి, రేపు చెప్తనని పోయిండు. మల్ల రాలె."

ఆ తర్వాత కూలికి పోయిన ప్రతి చేను దగ్గరా, బాయి కనిపిస్తే దిగి నీళ్లలో చెయ్యి పెట్టి చూసేదట. ఎండల్లోనూ, చలిలోనూ.

"నీళ్లు ఎప్పటికీ ఒక్క తీరుగనే ఉంటయి. మారేది బాయి మీది గాలి. ఎండకాలం మన చెయ్యి ఎచ్చగుంటది గాబట్టి నీళ్లు సల్లగనిపిస్తయి. సలికాలం చెయ్యి సల్లగుంటది, ఎచ్చగనిపిస్తయి. గంతే గదా?"

"గంతే అమ్మా. నువ్వు చెప్పిందే కరెక్టు" అన్నాను. కాలేజీలో చదివినదాన్ని కాబట్టి గట్టిగానే అన్నాను.

అమ్మ మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. "నువ్వంటవు బిడ్డా, నాకెర్కే. ఆయన అంటె బాగుండు."