ఒకటో నంబరులో వేరే పేరు

ఒడార్టేకి చిన్న కోపం రావడం బాక్సర్ల పేట బుకోమ్‌లో ఎవరూ చూడలేదు. వస్తే పెద్దదే వస్తుంది. ఆ రోజు జిమ్ గోడకి అంటించిన కొత్త ర్యాంకుల కాగితాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి మూడుసార్లు చదివాడు. మొన్నటిదాకా ఛాంపియన్ కింద ఒకటో నంబరు అతనే. ఒకటో నంబరువాడితో ఛాంపియన్ తలపడి తీరాలి. ఇప్పుడు ఆ పదిహేను పేర్లలో అతని పేరు ఎక్కడా లేదు. ఒకటో నంబరులో అయితే అనేవాడున్నాడు. కిందటేడు నాలుగో రౌండులో ఒడార్టే పడగొట్టిన కుర్రాడే!

"ఏడాదిగా పోటీ చెయ్యలేదని తీసేశార్రా" అన్నాడు మేనేజరు లార్టే, చూపు తిప్పుకుని.

ఎవరితో చేస్తాడు? పిలిచిన ప్రతివాడూ నడుం పట్టేసిందనీ, పెళ్లానికి నెలలు నిండాయనీ తప్పించుకున్నాడు. పదహారేళ్లు రేవులో చేపల పెట్టెలు మోస్తూ ర్యాంకుల్లో ఒక్కొక్కటిగా ఎక్కిన మెట్లవి. చివరికి ఏడాది గడువు ముగిసే వారంలో ఒక పోటీ కుదిరింది. ఆ తేదీ హోమోవో పండగ ముందు నెలలో పడింది. పూజారులు చల్లిన సజ్జలు మొలకెత్తే ఆ నెల్లో ఊళ్లో డప్పు మోగకూడదు, కేక వినబడకూడదు. అది తెలిసే ఒడార్టే సంతకం పెట్టాడు. నాలుగు గోడల మధ్య గంట కొడితే ఎవరికి వినబడుతుందిలే అనుకున్నాడు, వెర్రివాడు. పోటీనాడు పెద్దలు హాలుకి తాళం వేయించారు. గుమ్మానికి అడ్డంగా కూర్చున్నది అతని కన్నతల్లే.

"హాలుకి తాళం పడ్డ సంగతి ర్యాంకులిచ్చేవాళ్లకి ఉత్తరం రాశావా, బాబాయ్?"

"రాశాను. ఆచారాలకి రూల్సులో చోటు లేదన్నారు" అన్నాడు లార్టే.

"వాళ్ల రూల్సు తగలెయ్య! ఆ ఛాంపియన్ నాకు భయపడి నాలుగేళ్లు దాక్కున్నాడే, దానికుందా చోటు?"

సాయంత్రం ఆ కుర్రాడు వచ్చాడు, కెంకే అనే పులిసిన మొక్కజొన్న ముద్దలు, వేయించిన చేపలు పొట్లం కట్టించుకుని.

"నా మీద కోప్పడకన్నా. ఆ నంబరు నేనడగలేదు."

"ఒద్దన్నావా మరి?"

కుర్రాడు పొట్లం అతని చేతిలో పెట్టాడు. "నాలుగేళ్లుగా వాడి పోటీలన్నీ చూస్తున్నావు, ఛాంపియన్ ఎడమచెయ్యి ఎలా వస్తుందో నీకే తెలుసు. నన్ను తయారుచెయ్యి."

ఎంత ధైర్యం! ఒడార్టేకి ఒళ్లు మండిపోయింది. "గ్లవ్స్ వేసుకో" అన్నాడు.

రెండో రౌండులో కుర్రాడు వెల్లకిలా పడ్డాడు. చుట్టూ చేరినవాళ్లు ఈలలు వేశారు. ఇదిగో అసలు ఒకటో నంబరు అని అరిచారు. కుర్రాడు మూతి రక్తం తుడుచుకుని, లేవకుండానే అన్నాడు: "ఎల్లుండి ఛాంపియన్‌తో పోటీకి సంతకాలు, అన్నా. నువ్వు ఒద్దంటే పెట్టను."

వీడు పెట్టకపోతే ఆ అవకాశం రెండో నంబరువాడికి పోతుంది. వాడెవడో, ఏ దేశమో. తనకి మాత్రం రాదు. ఒడార్టే పళ్లు నూరాడు.

"పెట్టు, వెధవా. పొద్దున అయిదింటికి సముద్రం ఒడ్డుకి రా. కుడిచెయ్యి అంత కిందికి దించితే ఆ ఛాంపియన్ నిన్ను చంపేస్తాడు."

చెయ్యి అందించి లేపాడు.