పదకొండు మెట్ల నీళ్లు

రాయమల్లుకు కోపం రావడం అరుదు. వస్తే వారం దాకా దిగదు. ఎనభై ఎనిమిది ఎండాకాలంలో వచ్చిన కోపమైతే చచ్చేదాకా దిగలేదు. ఎందుకు దిగాలి? మీరే చెప్పండి.

హసన్‌పర్తి అవతల ఓ చిన్న ఊరి చెరువుకు ఆయన నీరడి. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంత తడి అని పంచడం తాతల నాటి నుంచి వాళ్లింటి పని. చెరువు కట్టకు రాతిమెట్లున్నాయి. ఎన్ని మెట్లు మునిగాయో చూసి, యాసంగి వరి ఎంత నాటాలో ఆయన చెబితే ఊరు వినేది. నీళ్లు తగ్గిన ఏడు ముందు తడి కాలువ చివరి మడికే. అడుగున రెండు మెట్ల నీళ్లు మాత్రం ఎవరు కాళ్లావేళ్లా పడ్డా వదలడు. అవి గొడ్లవి, చేపలవి.

కార్తీకంలో హైదరాబాదు నుంచి ఓ ప్రచార కంపెనీ మనిషి దిగాడు, రాంచందర్ అని. టూరిస్టుల కోసం పుస్తకం వేస్తున్నామని చెప్పి, తూము మూతను ఎత్తే కర్రను రాయమల్లుకు పట్టించి ఫొటో తీశాడు.

"నీళ్లెంత ఉంటాయి తాతా?"

"పదకొండు మెట్లు బిడ్డా."

ఎప్పుడని అతను అడగలేదు. ఈయనకు చెప్పాలని తోచలేదు. చెరువు నీళ్ల మాట ఆ పూటదేనని ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు మరి!

ఆ మాట కంపెనీ వాళ్ల కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కింది. అందులోంచి పుస్తకంలోకి దిగింది: పన్నెండు నెలలూ పదకొండు మెట్ల నీళ్లు, పడవ షికారు. అట్ట మీద రాయమల్లు బొమ్మ.

ఫాల్గుణంలో రెండు కార్ల జనం వచ్చారు. చెరువులో నాలుగు మెట్ల నీళ్లే ఉన్నాయి. కంపెనీ తెచ్చిపెట్టిన పడవ బురదలో కూరుకుపోయింది. వాళ్లు పట్నం పోయి రచ్చ చేశారు. మూడోనాడు రాంచందర్ సర్కారు పై ఆఫీసు కాగితంతో వచ్చి తూము కర్రను రాతికి కట్టి గొలుసు, తాళం వేయించాడు. ఉగాదికి పెద్ద అతిథులు వస్తారట, చుక్క వదలకూడదట!

అప్పటికి వరి పొట్ట మీదుంది. కాలువ చివర మొగిలమ్మది ఎకరం. మొగుడు పోయిన మనిషికి ఏడాది తిండి అదే. ఒక్క తడి అందితే గింజ పడుతుంది, లేకుంటే తాలు.

"నా పొలం ఎండిపోతాంది రాయమల్లన్నా! నువ్వు గిట్ల సూసుకుంట కూసుంటవా?" అని ఆమె కట్ట మీద కూలబడింది.

రాయమల్లు నేరుగా పొలాల గట్టున జీపు ఆపుకుని ఉన్న రాంచందర్ దగ్గరికి పోయాడు.

"తాళం తియ్యి సారూ. రెండు మెట్లు ఇడిస్తే పంట ఒడ్డుకు వడ్తది."

"కంప్యూటర్‌లో పదకొండుంది తాతా. నాలుగుంటేనే మా పరువు పోయింది."

"నీ కంప్యూటరు ఎన్నడన్న చెర్ల దిగిందా? కాయిదం తప్పైతే కాయిదం దిద్దుకో. చెరువును దిద్దుతవా?"

"ఐదువేల పుస్తకాలు అచ్చయిపోయాయి" అని అతను నవ్వాడు.

నవ్వాడండీ! ఎండుతున్న పైరు ఎదుట నిలబడి!

జీపు సీటు మీద ఆ పుస్తకముంది. రాయమల్లుకు చదువు రాదు. "నా బొమ్మ కింద ఏం రాసిన్రో జర సదువు" అన్నాడు.

రాంచందర్ గొంతు సవరించుకుని చదివాడు. "వందల ఏళ్ల నాటి చెరువును కంటికి రెప్పలా కాపాడుతున్న పల్లె పెద్ద."

రాయమల్లు ఇంటికి పోయి గొడ్డలి తెచ్చాడు. గొలుసు తెగలేదు. తన తాత చేయించిన తూము కర్రనే గొలుసు కింద నరికాడు. నరుకుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్లలోకి దిగి, మూతకు మిగిలిన కర్రముక్కను రెండు చేతులా పైకి లాగాడు. ముందు తడి మొగిలమ్మ మడికి పోయింది. చెరువు రెండు మెట్లకు రాగానే మళ్లీ దిగి తూము బిగించాడు.

"పోలీసులను పిలుస్తా!" అని రాంచందర్ గుడ్లురిమాడు.

"పిలువు. నన్ను గుర్తు వట్టాలె గద, గా బొమ్మ సూపియ్యి. చెరువును కాపాడేటోడు వీడేనని కింద నువ్వే రాస్తివి."

మొగిలమ్మ వడ్లు ఇంటికొచ్చాయి. రాయమల్లు నీరడి పని మాత్రం ఆ నెలలోనే ఊడింది. పుస్తకం ఇంకో మూడేళ్లు అచ్చయింది, అట్ట మీద అదే బొమ్మతో.