పై వరుస ఫోటోలు

చందాలు వసూలు చేసేవాళ్ళంటే నాకిప్పుడు ఒళ్ళు మంట. మంచి పనికే కదా అంటారు. మంచి పనికే. అందుకే ఇంకా మంట.

మా తమ్ముడికి కండరాలు కరిగిపోయే జబ్బు. కాళ్ళు ఎప్పుడో చచ్చుబడ్డాయి, చేతులు మాత్రం ఇంకా మాట వింటున్నాయి. ఆ చేతులతోనే ఆత్మకూరు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. వాడి భయం చావు గురించి కాదు. గిరాకీ ఆగిపోయి, మంచం మీద కూర్చుని నేను పెట్టే అన్నం తినాల్సి వస్తుందేమోనని.

యూనివర్సిటీలో ఆ జబ్బు మీద పరిశోధన చేసే డాక్టరమ్మ, మేము చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఉన్న మాటే చెప్పింది. పని సాగాలంటే పైసలు కావాలి, మందు దొరికినా నీ దాకా వస్తుందని మాట ఇవ్వలేను అంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాడు, "నా దాకా రాకుంటే ఏమాయె అక్కా, ఎనుక పుట్టే పిల్లలకన్న వస్తది" అన్నాడు. మరునాడే గల్లా పెట్టె తెరిచి, తన సంపాదనలోంచి మొదటి చందా తీసి మా ఊరి యువజన సంఘం వాళ్ళ చేతిలో పెట్టాడు. మిగతాది మీరు జమ చేయుండ్రి అన్నాడు. పోయి పోయి వాళ్ళ చేతిలో పెట్టాడు.

జమ చేశారు, కాదనను. గద్వాల నుంచి వనపర్తి దాకా తిరిగారు, పైసలు యూనివర్సిటీకి చేర్చారు. కానీ మన దగ్గర ఫ్లెక్సీ లేకుండా పుణ్యం కూడా జరగదు కదా. బస్టాండు ముందరే ఒకటి కట్టారు. పై వరుసలో సంఘం వాళ్ళు, దాతలు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, చేతులు జోడించి. కింద మధ్యలో మా తమ్ముడు. ఫ్లెక్సీ షాపులో తయారుగా ఉన్న డిజైన్లు రెండే: పుట్టినరోజుది, సంస్మరణది. పుట్టినరోజు దాంట్లో కేకు ఉంది, బాగుండదని రెండోది ఖాయం చేశారు. వాడి ముఖం చుట్టూ బంతిపూల దండ, అటొక దీపం, ఇటొక దీపం. అక్షరాలు చదివే ఓపిక ఎవరికి? బస్సులో పోయేవాళ్ళకు దండ కనిపిస్తే చాలు.

తెల్లారి పాన్‌గల్ నుంచి మా చిన్నమ్మ వచ్చింది. ఆటో దిగుతూనే గుండెలు బాదుకుంది. "అయ్యో కొడుకా, నన్నిడిసి పోతివా బిడ్డా!" లోపల వాడు కుర్చీలో కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. నోట్లో బ్రష్షు అలాగే పెట్టుకుని, "ఇంకా పోలే చిన్నమ్మా, చాయ్ తాగుతవా?" అన్నాడు. ఆమె వాడిని వాటేసుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. నాకూ నవ్వొచ్చింది, అబద్ధం చెప్పను.

షాపు దగ్గర ఆ నవ్వు పోయింది. రిపేరుకు ఇచ్చిన ఫోన్ల కోసం జనం వచ్చి నిలబడ్డారు. వాడు బతికే ఉన్నాడని కళ్ళారా చూశాక కూడా అడిగి తీసుకుపోయారు. "నీకు పానం బాగలేదంట కద తమ్మీ, జర రెస్టు తీస్కో" అన్నాడు ఎప్పుడూ వచ్చే లారీ డ్రైవరు, మెత్తగా. ఆ మెత్తదనం కంటే రెండు తిట్టినా బాగుండేది. సాయంత్రానికి బల్ల మీద స్క్రూడ్రైవర్లు తప్ప ఏమీ మిగల్లేదు. నేను కొడవలి పట్టుకుపోయి, అందరూ చూస్తుండగానే ఆ ఫ్లెక్సీ కోసి పారేశాను.

గిరాకీ మెల్లగా కొంత తిరిగొచ్చింది, అంతా రాలేదు. మొన్న సంఘం వాళ్ళు మళ్ళీ మా ఇంటికి వచ్చారు. ఇంటికొచ్చినవాళ్ళు కదా అని చాయ్ ఇచ్చాను. ఈసారి చందాలకు నాగర్‌కర్నూల్ దాకా పోతారట, ఫ్లెక్సీకి కొత్త ఫోటో కావాలట.

"జర నీరసంగ కనవడేది ఇయ్యి అక్కా, చూసినోళ్ళకు జాలి పుట్టాలె" అన్నాడు అధ్యక్షుడు.

నా నోరు లేచేలోపే తమ్ముడు తన ఫోన్లోంచి ఒక ఫోటో తీసి చూపించాడు. షాపులో, చొక్కా చేతులు మడిచి, ఎవరిదో ఫోను విప్పుతూ తను నవ్వుతున్నది.

"ఇది పెట్టుండ్రి అన్నా. పై వరుసల. మొదటి చందా నాదే కదా."

అధ్యక్షుడు చాయ్ ఒక గుక్క తాగాడు. "పై వరుస ఇచ్చినోళ్ళది తమ్మీ. నువ్వు రోగివి కదా!"

తమ్ముడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. నేను లేచి, ఇంకా సగం కూడా తాగని చాయ్ గ్లాసులు వాళ్ళ చేతుల్లోంచి గుంజుకున్నాను. వాడు వద్దనలేదు.