ఇంజను మీద పిండి గిన్నె

మా చిన్నమ్మ పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను బెంగళూరులో కుందలహళ్ళి దగ్గర బస్సులో నిలబడి ఉన్నాను. బస్సు కదలడం లేదు. "ఐపోయిందమ్మా. నువ్వు నిదానంగా రా" అన్నాడు చిన్నాయన. అంతకు ముందు నెలంతా ఆఫీసు నుంచి ఆసుపత్రికీ, ఆసుపత్రి నుంచి ఇంటికీ తిరిగి తిరిగి ఒళ్ళు హూనమై ఉంది. ఏడుపు రాలేదు. ఎక్కడైనా కాసేపు కూర్చుంటే బాగుండును అనిపించింది, అంతే. పోయిన మనిషి గురించి ఇలా మొదలుపెట్టడం మర్యాద కాదేమో. కానీ లేనిపోని గొప్పలు రాస్తే ముందు ఆమే ఒప్పుకోదు.

నగర్తపేటలో మాది తాతల నాటి ఇల్లు. కింద చిన్నాయన వర్కుషాపు, పైన వాళ్ళిద్దరి కాపురం, ఆ పై అంతస్తులో మేము. వర్కుషాపులో స్టీలు సామాన్లకు మెరుగు పెడతారు. గిన్నెలు, మూతలు, చెంబులు మొద్దుగా వచ్చి, తిరిగే చక్రం దగ్గర మెరుపెక్కి వెళ్ళిపోతాయి. వాళ్ళకు పిల్లలు లేరు. నా బాల్యం సగం వాళ్ళ వంటింట్లోనే గడిచింది. ఎండాకాలం వచ్చిందంటే పనివాళ్ళు జాతర్లకని మదనపల్లె వైపు తమ ఊళ్ళకు వెళ్ళిపోతారు, షట్టరు దించక తప్పదు. ఆ రోజుల్లో ఇంకొకరైతే ఫ్యాను కింద పడుకుంటారు. వీళ్ళు కొండలెక్కేవాళ్ళు.

అందుకోసం చిన్నాయన ఒక పాత స్కూలు వ్యాను కొన్నాడు. ఊరి బయట జిగణిలో తెలిసినవాళ్ళ షెడ్డులో సీట్లన్నీ పీకించి, మంచం, గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే చిన్న తొట్టి పెట్టించాడు. పైన ఎన్ని రంగులు వేయించినా తలుపు సందుల్లో ఇప్పటికీ పాత పసుపే. ఇల్లు పెట్టుకుని బండిలో కాపురమేమిటని చుట్టాలు నవ్వారు. చిన్నమ్మ తగ్గలేదు. "ఇంట్లో ఉంటే మీరంతా వస్తారు. అడివిలోకి యెవురొస్తారప్పా?" అంది. ఆ తర్వాత ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

బండీపుర, నాగరహొళె, ముదుమలై, మున్నారు పైన గడ్డికొండలు. రిజర్వు అడవి లోపల రాత్రి ఉండనివ్వరు కాబట్టి, గేటు బయట ఏ టీకొట్టు వాకిట్లోనో అడిగి బండి నిలుపుకునేవాళ్ళు. దిగగానే చిన్నమ్మ చీపురు తీసి మెట్టూ, మెట్టు ముందరి నేలా ఊడ్చేది. తెల్లారి పోసిన మొదటి దోసె ఆ వాకిలి వాళ్ళకు వెళ్ళాలి. అంతవరకూ చిన్నాయన ప్లేటు పట్టుకుని ఎదురుచూడాల్సిందే.

చిన్నాయనకు దోసె లేకపోతే పొద్దు పొడవదు. ఉప్మా పెడితే చావు కబురు విన్నట్టు చూస్తాడు. మొదటిసారి ఊటీ వెళ్ళినప్పుడు ఆ చలికి పిండి రాయిలా ఉండిపోయింది. పులవలేదు, పొంగలేదు. అట్టు అప్పడంలా విరిగింది. ఆయన ప్లేటు పక్కకు తోసి లేచాడు. మరునాడు చిన్నమ్మ దారి కనిపెట్టింది. ఆ వ్యానులో డ్రైవరుకూ పక్క సీటుకూ మధ్య ఇంజను ఎద్దు మూపురంలా పైకి లేచి ఉంటుంది. బండి నడిచినంతసేపూ దాని కప్పు వెచ్చగా ఉంటుంది. పిండి గిన్నె దాని మీద పెట్టింది. సాయంత్రానికి పిండి మూతను తోసుకుని పైకొచ్చింది.

కాకపోతే ప్రతి మలుపులోనూ గిన్నె జారేది. అందుకని ఘాటు రోడ్డు మొదలవగానే ఆమె డ్రైవరు వైపు తిరిగి కూర్చుని, గిన్నెను రెండు చేతులా పట్టుకునేది. వీపు లోయకు, ముఖం గిన్నెకు. గుడ్డతో మూత బిగించి కట్టెయ్యవే, చేతులు ఖాళీ అవుతాయి అని చిన్నాయన ఎన్నిసార్లు చెప్పాడో. కట్టేస్తే పిండికి ఊపిరాడదని ఆమె వాదన. పిండికి ఊపిరేమిటండీ? ఆయనకూ తెలుసు, కానీ చిన్నమ్మతో వాదించి గెలిచినవాళ్ళు మా పేటలో లేరు.

ఒక ఎండాకాలం నేనూ వాళ్ళతో వెళ్ళాను. దారంతా వెనక మంచం మీద నిద్రే. ఆఫీసు నన్ను అలా పిండేసి పంపింది. లేచి చూస్తే ఆమె అలాగే గిన్నె పట్టుకుని కూర్చుని ఉంది. నాకు ఒళ్ళు మండింది. కొండలు చూడ్డానికి వచ్చి గిన్నె చూస్తూ కూర్చుంటావేమిటి అన్నాను. ఆమె తల తిప్పలేదు.

"కొండ యాడికీ పోదు పాపా. పిండి పోతాది" అంది.

ఆమెకు ఒక్క షోకు ఉండేది. బయలుదేరే ముందు ఆ గిన్నె మూతను పట్టుకుని కిందికి దిగి, చక్రం ముందు నిలబడి, ముఖం కనిపించేదాకా మెరుగు పెట్టించుకునేది. అడవిలో ఏనుగులు చూసి మెచ్చుకుంటాయా అని చిన్నాయన గొణిగేవాడు. మెచ్చుకుంటే నీకేం పోయె అనేది. గీత పడిందంటే మళ్ళీ పెట్టాలి. గొణుగుతూనే అద్దంలా చేసిచ్చేవాడు.

నేను అలిసిపోయానని ఆమె దగ్గర చెప్పుకున్నన్ని సార్లు ఇంకెవరి దగ్గరా చెప్పుకోలేదు. ట్రాఫిక్కు, మీటింగులు, పిల్లల పరీక్షలు అన్నీ ఆమె నెత్తిన పోసేదాన్ని. ఉపదేశం ఉండేది కాదు. కాఫీ ఇచ్చి, "అలుపొస్తే ఆపాల. అలిగి ఆపగూడదు" అనేది. అది ముందు చిన్నాయన డ్రైవింగు గురించి పుట్టిన మాట. తర్వాత మా ఇంట్లో అన్నిటికీ పనికొచ్చింది. ఆమెకు నేను ఎంత రుణపడ్డానో ఆ కాఫీలు ఆగాక తెలిసింది.

పోయిన ఎండాకాలానికి ఆమె గుండె బలహీనపడింది. కొండలు వద్దన్నాడు డాక్టరు. వ్యాను జిగణి షెడ్డులోనే ఉండిపోయింది. ఈ ఏడు ఎండలు ముదరకముందే ఆమె వెళ్ళిపోయింది.

పలకరింపులకు వచ్చినవాళ్ళు వెళ్ళాక చిన్నాయన కిందికి దిగి, ఆగిపోయిన చక్రం ముందు స్టూలు మీద కూర్చునేవాడు. దోసె ముట్టడం మానేశాడు. ఏది పెడితే అది, ఉప్మా పెట్టినా సరే, నోరెత్తకుండా తిన్నాడు. నాకు భయమేసింది. ఒకరోజు పక్కన కూర్చుంటే తనే చెప్పాడు.

"ఇన్నేండ్లు పెండ్లాన్ని కొండలకు పిల్చుకోని పోయినానని ఊరంతా చెప్పుకోని తిరిగితి. ఆయమ్మ యేం చూసిందమ్మా? నా దోసెల కోసరం గిన్నె పట్టుకోని కూర్చునింది. నేను రోడ్డు చూస్తి, ఆయమ్మ పిండి చూసె. ఒక్క మలుపన్నా చూడలే."

నేనూ కళ్ళారా చూసిందే. వ్యానును జిగణిలో తుక్కు కింద ఇచ్చేస్తానన్నాడు. ఆ బండి చూస్తే తిన్న దోసెలన్నీ గొంతులోకి వస్తున్నాయన్నాడు. వద్దని బతిమాలే ఓపిక కూడా నాకు లేకపోయింది.

శ్రీరంగపట్నం దగ్గర కావేరిలో అస్థికలు కలపడానికి ఆ వ్యానులోనే వెళ్ళాం. చుట్టాలు కార్లలో వచ్చి, స్నానాలు చేసి, కార్లలోనే బెంగళూరికి తిరిగిపోయారు. మేమిద్దరం మిగిలాం. ఒక్కసారి ఊటీ కొండ దాకా పోయొద్దాం, వచ్చేటప్పుడు అట్లే జిగణిలో ఇచ్చేద్దాం అన్నాడు చిన్నాయన. సరేనన్నాను. మనిషి మళ్ళీ దోసె తింటాడేమో అన్న ఆశతో నేను పిండి రుబ్బి, చిన్నమ్మ గిన్నెలోనే పోసి, ఆ మూతే పెట్టి తెచ్చాను. దాన్ని తీసి ఇంజను మీద పెట్టాను. ఆయన చూసి బండి తీశాడు.

బండీపుర దాటి, ముదుమలై దాటి, పైకి ఎక్కడం మొదలైంది. మొదటి మలుపులోనే గిన్నె జారింది. గబుక్కున అటు తిరిగి రెండు చేతులా పట్టుకున్నాను. ఇంజను వేడి మోచేతులకు తగులుతోంది. నడుము ఒక వైపుకు మెలిపడి నొప్పి పుట్టింది. ఇన్నేళ్ళు ఇలాగా కూర్చుంది అనుకుంటే అప్పుడొచ్చింది ఏడుపు, ఫోను వచ్చిన రోజు రానిది. తల వంచి మూత వైపు చూస్తూ ఏడ్చాను.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూస్తే మూతలో కొండ ఉంది.

నా వెనక కిటికీలోంచి లోయ మొత్తం ఆ ఉబ్బెత్తు మూతలో పడుతోంది. నీలగిరి చెట్ల కొసలు, టీ తోటల పచ్చ, మేఘం ముక్క అన్నీ చిన్నవై, వంగి, బండి తిరిగినప్పుడల్లా మూత చుట్టూ నెమ్మదిగా తిరుగుతున్నాయి. తల తిప్పి చూస్తే కిటికీలో పట్టినంతే కనిపిస్తుంది. ఇందులో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఉంది. గుడ్డ కట్టి ఉంటే ఇది కనిపించేది కాదు.

"చిన్నాయనా, బండి ఆపు" అన్నాను.

మలుపు దాటించి పక్కకు ఆపాడు. కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగాడు. మూత చూడమన్నాను. నా సీట్లో కూర్చోబెట్టి, గిన్నె ఆయన చేతికిచ్చాను. మొదట అర్థం కాలేదు. తర్వాత మెల్లగా ముందుకు వంగాడు. కింద నుంచి ఒక లారీ మూలుగుతూ ఎక్కి, మమ్మల్ని దాటి వెళ్ళింది. అది కూడా మూతలో దాటి వెళ్ళింది.

"మెరుగు పెట్టిచ్చుకునింది దీనికా" అన్నాడు.

దిగి మళ్ళీ డ్రైవరు సీటులోకి వచ్చాడు. తాళం తిప్పబోయి ఆగి, చొక్కా కొస బయటికి లాగి, మూత మీద పడ్డ నా వేలిముద్రలు ఒక్కొక్కటే తుడిచాడు. బండి కదిలింది. ఏ మలుపు వచ్చినా దాని దగ్గర వేగం తగ్గించి, నిదానంగా తిప్పుతూ పోయాడు. నా రెండు చేతుల మధ్య, వెచ్చటి గిన్నె మీద, కొండ మెల్లగా తిరుగుతూ ఉంది.