నీళ్లకు ఓర్వని ఉక్కు

మల్లాపూర్‌లో ఒక ఉక్కు దుకాణంలో పదకొండేళ్లు కౌంటర్ మీద పనిచేశాను. నాచారం, ఉప్పల్ చుట్టుపక్కల వర్క్‌షాపుల వాళ్లందరూ మా దగ్గరికే వచ్చేవాళ్లు. కొత్తగా వచ్చినవాడు ఎవడైనా మొదట అడిగేది ఒకటే. ఈ పట్టీ కిలో ఇంత, పక్కది దానికి రెండింతలు, చూస్తే రెండూ నల్లగానే ఉన్నాయి, మరి ధర ఎందుకు వేరు? నాకు విసుగు జాస్తి. కొంటే కొను, లేకుంటే దారి వదులు అనే మాట నాలుక చివరిదాకా వచ్చేది. మా మేనమామ అడిగినప్పుడు మాత్రం కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి మరీ చెప్పాను.

మామ కమ్మరి. జనగామ దిక్కు నుంచి వచ్చి ఉప్పల్‌లో ఒక రేకుల షెడ్డు కింద కొలిమి పెట్టుకున్నాడు. మటన్ దుకాణాలకు కత్తులు చేయడం ఆయన పని. పాత సామాన్ల వాళ్ల దగ్గర లారీల కింద స్ప్రింగులుగా ఉండే కమాన్ పట్టీలు కొని, కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచి గట్టిపరిచేవాడు. అత్త గాలి పంకా తిప్పేది. ఆయన కత్తి ఒకటి కొంటే పదేళ్లు చూసుకోనక్కర్లేదని పేరు. తర్వాత స్టెయిన్‌లెస్ కత్తులు వచ్చాయి. అవి మెరుస్తాయి, తుప్పు పట్టవు, పాడైతే పారేసి ఇంకోటి కొంటారు. మామ దగ్గరికి పదును పెట్టించుకోవడానికి తప్ప కొత్త కత్తికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు.

అలాంటి రోజుల్లో అంబర్‌పేట్‌లో నాలుగు మటన్ దుకాణాలున్న పాత గిరాకీ ఒకాయన పన్నెండు కత్తులు చేసివ్వమన్నాడు. అవి నిలబడితే నాలుగు దుకాణాల కత్తులూ ఇక మామవే. నిలబడకపోతే కొలిమి ఆర్పేసి, అరవై దాటిన మనిషి ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరో కూర్చోవాలి. ఈ మాట నాకు అత్తే చెప్పింది.

ఈసారి పాత కమాన్లు వద్దు, కొత్త ఉక్కు తీసుకో అని నేనే పట్టుబట్టాను. మామ మా దుకాణానికి వచ్చి వరసగా పేర్చిన పట్టీలను తడిమి చూశాడు.

"ఇనుము ఇనుమే గదా అల్లుడా. గీ ధరల్ల గింత ఫరక్ ఏంది?"

చెప్పాను. అన్నిటికంటే చవకైనదాంట్లో కార్బన్ ఉందా అంటే ఉంది. అది గేట్లకు, కిటికీ ఊచలకు సరిపోతుంది, కత్తి చేస్తే పదును నిలవదు. కార్బన్ పెరిగితే ధర పెరుగుతుంది, కానీ ధర పెంచేది కార్బన్ కాదు. కార్బన్ అంటే బొగ్గే, అది దండిగా దొరుకుతుంది. అది ఇంతే ఉండాలని లెక్కగా ఆపడానికి, గంధకం లాంటి మురికి తీసెయ్యడానికి, కొద్దికొద్దిగా పోసి పలచని పట్టీగా సాగదీయడానికి ఖర్చవుతుంది. బేరింగులు చేసే రకంలో కార్బన్ ఎక్కువ, పైగా క్రోమియం కలుపుతారు, దాని ధర ఇంకో మెట్టు పైన. ఆ తర్వాత ఇది ఫలానా రకమే అని పరీక్ష చేసి కాగితం ఇస్తారు, దానికీ మనమే కట్టాలి.

మామ చాయ్ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "అంటే సగం పైసలు ఉక్కుకు, సగం పైసలు దాని పేరుకన్నట్టు."

సరిగ్గా పట్టుకున్నాడు. మా దుకాణంలో ఆ పేరు అంటే రంగే. ప్రతి పట్టీకి ఒక కొసన రంగు ఉంటుంది, ఒక్కో రకానికి ఒక్కో రంగు. అందుకే ఎప్పుడూ రంగు లేని కొస నుంచే కొయ్యాలి. రంగున్న కొసను ముందు కోసేస్తే మిగిలిన పట్టీ ఏ రకమో దాన్ని పోతపోసిన వాడికి కూడా తెలియదు. పనికి కొత్తగా చేరిన వాళ్లకు ఈ పాఠం చెప్పేది నేనే.

నూనెలో ముంచితే ఉక్కు పగలదు మామా అంటే ఆయన వినలేదు. "నూనెల ముంచనీకె అదేమన్న మిర్చి బజ్జీనా?" అన్నాడు. సరే అని, నీళ్లకు ఓర్చుకునే మధ్యరకం ఉక్కే ఇద్దామనుకున్నాను. ఆ రకం పెట్టే అరలో రంగు లేని పట్టీ ఒకటి ఉంది. అరను బట్టి అదే అనుకుని పన్నెండు ముక్కలు కోయించాను. మామకు ఒక అలవాటు ఉండేది. కొత్త ఉక్కు ఏదైనా ముందు చిన్న ముక్క కాల్చి, నీళ్లలో ముంచి, సుత్తితో విరగ్గొట్టి, విరిగిన చోట లోపలి గింజ సన్నగా ఉందా ముతకగా ఉందా చూసేవాడు. నేనే అడ్డుపడ్డాను.

"జోకి కోసిన ముక్కలు మామా, ఖరాబు జెయ్యకు. దుకాణం మాలు, నాది జిమ్మ."

నేను పూచీ పడ్డానని నమ్మి మానేశాడు.

ఆదివారం నేను షెడ్డు దగ్గరే ఉన్నాను. ఎర్రగా కాలిన కత్తులు ఒక్కొక్కటే తొట్టిలో దించుతుంటే మూడు టిక్కుమన్నాయి. తీసి చూస్తే అంచు నుంచి వెన్ను దాకా వెంట్రుకంత పగులు. మామ ఆ పగులు మీద గోరు పెట్టి గీశాడు. "కాక ఎక్కువైనట్టుంది. కన్ను ఆనుతలేదు," అన్నాడు. మిగిలిన తొమ్మిదీ రెండు రోజులు నూరి, పిడులు వేసి పంపాడు. వారం తిరక్కుండా ఏడు కత్తులు ఎముకల మీద విరిగాయి.

అంబర్‌పేట్ ఆయన సంచిలో వేసుకుని తానే వచ్చాడు. ఒక్క మాట తిట్టలేదు. "పెద్దాయనా, మస్తు ఏండ్లు జేసినవ్. ఇగ ఇంట్ల కూసో," అని సంచి పెట్టి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే మామ తిరిగి నాలుగు తిట్టేవాడు, ఆ కోపంతోనైనా ఇంకో కత్తి చేసేవాడు.

మామ విరిగిన ముక్కను వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూశాడు. "గింజ సన్నగ, మంచిగుంది అల్లుడా. నువ్వు మంచి ఉక్కే ఇచ్చినవ్. నా చెయ్యే తప్పింది."

ఆ మరుసటి వారం ఒకాయన బేరింగు రకం పట్టీ కావాలని వచ్చాడు. ఒకటి ఉండాలి, దాని అరలో లేదు. అప్పుడు గుర్తొచ్చింది. అంతకు పది రోజుల ముందు గిరాకీ తొందరలో చిన్న ముక్క కోసి ఇచ్చింది నేనే. పట్టీ రంగు కొస రంపం వైపు ఉంటే తిప్పే ఓపిక లేక అక్కడే కోశాను, మళ్లీ రంగు పూద్దాంలే అనుకుని ఖాళీగా కనిపించిన అరలో తోశాను. మామకు పోయింది ఆ పట్టీయే. నూనెలో తప్ప ముంచకూడని ఉక్కు అది. నీళ్లలో ముంచితే ఎంత పనితనమున్న చేతిలోనైనా పగులుతుంది.

చెబితే ఉద్యోగం పోతుందని భయపడ్డాను. భయం పోయాక, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తెలియక చెప్పలేదు. సిగ్గులేని పని అని నాకు తెలుసు.

మామ నాచారంలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్ అయ్యాడు. ఆ దసరాకు సమ్మెటకు బొట్టు పెట్టలేదు. పని రానోడు పనిముట్టును మొక్కొద్దని అత్తతో అన్నాడట. నేను బండి మీద అటు వెళ్లినప్పుడల్లా ఆగేవాణ్ణి. కుర్చీలో కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపి, "జర వణుకుతున్నయ్ గదా?" అని అడిగేవాడు. వణికేవి కావు. "లేదు మామా, మంచిగున్నయ్" అనేవాణ్ణి. ఆ తర్వాత బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయేవాణ్ణి. ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేచేదాకా అదే ప్రశ్న, అదే జవాబు.

తెలంగాణ వచ్చే ముందు ఏడాది మామ పోయాడు. పదో దినం అయ్యాక చుట్టాలు వెళ్లిపోతే, అత్త దగ్గర కూర్చుని రంగు కొస సంగతి, అర సంగతి, అంతా చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. తిడుతుందనుకున్నాను. అత్త కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు చూసింది.

"నాకెందుకు జెప్తున్నవ్ బిడ్డా? ఆయన చేతి మీద నాకెన్నడు అనుమానం లేకుండె. అనుమానమున్నది ఆయనకొక్కనికే. ఆయనకు జెప్పకపోతివి."